వీధి గదిలో రూటరు, వెనక గదిలో కంప్యూటరు: బూస్టర్ కొనాలా, వైరు లాగాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
మాది ఈ ఊళ్లో చాలా ఇళ్లలాగే పొడుగాటి పాత ఇల్లు. వీధి గుమ్మం నుంచి పెరడు దాకా గది వెనక గది, రెండు పక్కలా పక్కింటివాళ్లతో ఉమ్మడి గోడలు. ఫైబర్ వేసిన అబ్బాయి రూటర్ని వీధి గదిలో గుమ్మం పైన బిగించి వెళ్లిపోయాడు. కంప్యూటరేమో వెనక గదిలో, అమ్మాయి చదువుకునే చోట ఉంది. దానికి వైఫై కోసం యూఎస్‌బీ పోర్టులో గుచ్చే చిన్న డాంగిల్ పెట్టాం. పగలు పరవాలేదు. రాత్రి ఏడు దాటిందంటే ఆన్‌లైన్ క్లాసులో టీచర్ బొమ్మ బిగుసుకుపోతుంది, మాట తెగిపోతుంది. సిగ్నల్ గీతలు మాత్రం నిండుగానే కనిపిస్తాయి. కంపెనీకి ఫోన్ చేస్తే లైన్ బాగుంది, ప్లాన్ పెంచుకోండి అంటారు. షాపతను వైఫైని అందుకుని ముందుకు పంపే బూస్టర్ కొనమంటాడు. మా బావమరిది రూటర్ నుంచి కంప్యూటర్ దాకా వైరు లాగించెయ్యమంటాడు. ఎవరి మాట వినాలి?

నాగావళి ఒడ్డు (రాయగడ)
బూస్టరే కొనండి సార్. మా ఇంట్లో మధ్య గది ప్లగ్గులో పెట్టాం, అప్పటి నుంచి గొడవ లేదు. వైరంటే గోడకి కన్నాలు, మేస్త్రీ, దుమ్ము, ఆపైన ఇంట్లోవాళ్ల సాధింపు. పాత గోడలు పైగా. సుత్తి దెబ్బకి ఎంత పెచ్చు ఊడుతుందో ఎవరు చెప్పగలరు?

పాత రేడియో (బరంపురం)
రాయగడ సోదరా, మీ ఇంట్లో పనిచేసింది కాబట్టి అందరింట్లోనూ పనిచేస్తుందనకండి. మామూలు చవక బూస్టర్ అంటే మధ్యలో నిలబడి ఒకరి మాట విని ఇంకొకరికి మళ్లీ చెప్పే మనిషి. విన్నదీ చెప్పేదీ ఒకే చానెల్లో, అంటే ఒకే తరంగాల దారిలో, కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. రెండు బ్యాండ్ల (వైఫై నడిచే 2.4, 5 గిగాహెర్ట్జ్ తరంగాల వరసలు) బూస్టర్ ఒకదానిలో విని ఇంకోదానిలో చెబుతుంది, అది కొంత నయం. పర్లాకిమిడి వారి ఇంటికి అసలు సమస్య పక్కిళ్లు. ఉమ్మడి గోడల వరసలో సాయంత్రం ఎన్ని రూటర్లు కూస్తుంటాయో ఫోన్‌లో వైఫై లిస్టు తెరిస్తే తెలుస్తుంది. అందులోకి ఇంకో గొంతు చేర్చమంటున్నారు మీరు.

గీతల సంగతి కూడా చెప్పాలి. ఆ గీతలు మీ కంప్యూటర్‌కి రూటర్ ఎంత గట్టిగా వినపడుతోందో చెబుతాయి, అంతే. రూటర్ వెనక ఇంటర్నెట్ ఉందో లేదో, పక్కింటి రొద ఎంత ఉందో వాటికి తెలియదు.

కొరాపుట్ కాఫీ (జయపురం)
ఇంత పురాణం ఎందుకు? రూటర్లో 5 గిగాహెర్ట్జ్ ఉంటుంది, దానికి మారండి. 2.4 బ్యాండులో ఒకదాన్నొకటి తొక్కకుండా పనిచేసే చానెళ్లు 1, 6, 11 మూడే. 5లో బోలెడు చోటు. మన దేశంలో 2018 నుంచి ఆ బ్యాండులో చాలా భాగం లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. పక్కింటి రొదంతా ఒక్క దెబ్బతో పోతుంది.

పాత రేడియో (బరంపురం)
తమ్ముడూ, 5 గోడలు దాటడంలో 2.4 కంటే బలహీనం. ఆ ఇంట్లో మధ్యన ఎన్ని గోడలున్నాయో, ఎంత మందమో అడిగావా? అంతకంటే ముందు అడగాల్సింది, ఆ డాంగిల్ 5ని అసలు పట్టుకుంటుందా? గోరంత ఉండే చవక డాంగిళ్లు ఎక్కువగా 2.4 మాత్రమే చూస్తాయి. రూటర్లో ఎన్ని బ్యాండ్లున్నా వాటికి కనిపించదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
నిజమే, వైఫై లిస్టులో 5 అని ఉన్న పేరు ఫోన్‌లో వస్తుంది, కంప్యూటర్లో రాదు. వీధి గదికీ వెనక గదికీ మధ్య మూడు గోడలు, పాత మందపాటివి. దారిలో ఒక బీరువా కూడా ఉంది.

ఒజ్జబండ (గుణుపురం)
మాస్టార్లందరికీ నమస్కారం. నేను కంప్యూటర్ టీచర్ని. డబ్బు తియ్యకముందు ఒక్క పరీక్ష చెయ్యండి. రాత్రి ఎనిమిదికి, అంటే జబ్బు ఉన్నప్పుడే, కంప్యూటర్లో నల్లటి కమాండ్ విండో తెరవండి. పింగ్ (పలకరింపు పంపి జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చూసే కమాండు) అని కొట్టి, రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న నంబరు ఇవ్వండి. చాలా వాటికి 192.168.1.1 అని ఉంటుంది. చివర మైనస్ టీ చేరిస్తే ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. ఇంకో విండోలో 8.8.8.8కి, అంటే బయట ఇంటర్నెట్లో ఉన్న గూగుల్ సర్వర్‌కి, అదే చెయ్యండి. రూటర్ నుంచి జవాబు ఐదు పది మిల్లీసెకన్ల లోపు నిలకడగా వస్తూ, రెండోది మాత్రం తడబడితే తప్పు కంపెనీ లైన్‌ది. అప్పుడు బూస్టరూ వద్దు, వైరూ వద్దు, మళ్లీ ఫోన్ చేసి పోట్లాడాలి. రూటర్ దగ్గరే వందలకి వందలు చూపిస్తే తప్పు ఇంట్లోనే ఉంది. ఆ మాట తేలకుండా ఇక్కడ మనం ఎంత వాదించుకున్నా గాలిలో కత్తి తిప్పినట్టే.

నాగావళి ఒడ్డు (రాయగడ)
టీచర్ గారు, అందరికీ ఆ నల్ల విండోలు రావండి. సింపుల్‌గా చెప్పండి.

ఒజ్జబండ (గుణుపురం)
సింపుల్‌గానే: అదే టైముకి రూటర్ కింద నిలబడి ఫోన్‌లో స్పీడ్ చూడండి. తర్వాత కంప్యూటర్ పక్కన నిలబడి, ఫోన్‌ని 2.4కే కట్టి, మళ్లీ చూడండి. ఫోన్ రెండు చోట్లా బాగుండి కంప్యూటర్ ఒక్కటే చచ్చుగా ఉంటే రూటర్ని తిట్టి లాభం లేదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
రెండూ చేశాను. వీధి గదిలో ఫోన్‌కి ప్లాన్‌లో చెప్పినంత స్పీడ్ వస్తోంది. వెనక గదిలో అదే ఫోన్ కాస్త మందగించింది గానీ తెగలేదు. కంప్యూటర్లో మాత్రం రూటర్ పింగ్ ఒకసారి 4, ఒకసారి 380, ఒక్కోసారి జవాబే లేదు. రెండో విండో కూడా దాన్ని చూసే ఊగుతోంది.

ఒజ్జబండ (గుణుపురం)
అయితే లైన్ని వదిలెయ్యండి, ప్లాన్ పెంచకండి. ఆ డాంగిల్ ఎక్కడ గుచ్చారు? పక్కన ఏముంది?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
సీపీయూ వెనక, నీలం రంగు పోర్టులో. ఆనుకునే ఉన్న పోర్టులో అమ్మాయి బయటి హార్డ్ డిస్క్. సీపీయూ బల్ల కింద గోడకి ఆనించి ఉంటుంది.

పాత రేడియో (బరంపురం)
దొరికింది. ఆ నీలం పోర్టు యూఎస్‌బీ 3. దానిలో డేటా పరుగెడుతుంటే సరిగ్గా 2.4 దగ్గర రొద పుడుతుంది. ఇంటెల్ కంపెనీయే 2012లో దీని మీద పత్రం రాసింది. హార్డ్ డిస్క్ నడుస్తున్నంతసేపూ డాంగిల్ చెవి దగ్గర డప్పు. పైగా ఇనుప డబ్బా వెనక, గోడ మూల. ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ తెచ్చి డాంగిల్‌ని బల్ల మీదకి, సీపీయూకి దూరంగా తీసుకురండి. నీలం కాకుండా మామూలు నల్ల పోర్టులో పెట్టండి. రూటర్లో 2.4 చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గించి, చానెల్ ఆటోలో కాకుండా 1, 6, 11లో పక్కిళ్లు తక్కువగా ఉన్నదాన్ని పెట్టండి. 40లో ఉంటే ఆ బ్యాండు చాలావరకు ఒక్కరే ఆక్రమించినట్టు, రొద ఇంకా ఎక్కువ తగులుతుంది.

కొరాపుట్ కాఫీ (జయపురం)
13 ఖాళీగా ఉంటుంది కదా, అది పెట్టుకోవచ్చు. మన దేశంలో అనుమతి ఉంది.

పాత రేడియో (బరంపురం)
అనుమతి ఉన్నా కొన్ని డాంగిళ్లు, ల్యాప్‌టాప్‌లు 12, 13 చూడవు. అప్పుడు వైఫై పేరే లిస్టులోంచి మాయమై ఇంకో టెన్షన్. జోలికి పోవద్దు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
తీగ పెట్టాను. చానెల్ 11కి మార్చాను. బాగా తేడా ఉంది, రూటర్ పింగ్ ఇప్పుడు ఎక్కువసేపు పది లోపే. కానీ రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఇంకా అప్పుడప్పుడు ఊగుతోంది. క్లాసు మాత్రం తెగలేదు. ఇక ఇక్కడితో ఆపాలా, వైరు సంగతి చూడాలా?

నాగావళి ఒడ్డు (రాయగడ)
ఆపండి సార్. తెగనిదాన్ని ముట్టుకోవడం ఎందుకు?

కొరాపుట్ కాఫీ (జయపురం)
వైరు మాట అసలొద్దు. మా పక్కింటాయన మేడ మీద నుంచి లాన్ కేబుల్ లాగించాడు. పిడుగు ఎక్కడో పడింది, ఆయన కంప్యూటర్ లాన్ పోర్టు చచ్చింది, రూటర్ కూడా పోయింది. మన వైపు పిడుగుల సంగతి తెలిసిందే కదా.

పాత రేడియో (బరంపురం)
మేడ మీద నుంచి లాగితే ఎవరికైనా పోతుంది. పర్లాకిమిడి వారు ఇంటి లోపల నుంచే, గుమ్మాల పైన పైపులో లాగితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. ఫైబర్ గాజే కదా అని కూడా నిశ్చింతగా ఉండకండి. స్తంభం నుంచి వచ్చే నల్ల కేబుల్లో బరువు ఆనడానికి చాలాసార్లు స్టీలు తీగ ఉంటుంది, కరెంటు అడాప్టర్ ఎలాగూ ఉంది. ఉరుములు మొదలైతే రెండూ పీకెయ్యడమే. నా ఓటు మాత్రం వైరుకే. అమ్మాయికి పరీక్షల ముందు రొద తగ్గుతుందా పెరుగుతుందా అని రోజూ పింగ్ చూసుకుంటూ కూర్చుంటారా?

ఒజ్జబండ (గుణుపురం)
నా ఓటు వేరే. గోడలు తొలిచే ముందు రూటర్ని మధ్య గదికి జరిపించండి. లైన్‌మన్ వచ్చి ఫైబర్ పొడిగిస్తాడు, కొంత చార్జీ తీసుకుంటాడు. మీరే లాగి వంచకండి, గాజు విరిగితే ఎర్ర లైటు వెలుగుతుంది, అసలుకే మోసం. జరిపాక బీరువా కూడా దారికి అడ్డం లేకుండా చూడండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
లైన్‌మన్‌ని అడిగాను. ఆదివారం వస్తానన్నాడు. మా బావమరిది మాత్రం ఇప్పటికే కేబుల్ ధర కనుక్కొచ్చాడు.

పాత రేడియో (బరంపురం)
సరే, కేబుల్ కొంటే ఒక్కటి చూసుకోండి. చవకగా ఇస్తామంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం అయి ఉంటుంది, వంచితే లోపల తెగుతుంది. పూర్తి రాగిది అడగండి. ఇంట్లోకి క్యాట్ 5ఈ రకం కేబుల్ చాలు, 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం దూర్చకండి.