అప్‌డేట్: పిల్లల ప్యాకెట్ తిండి తగ్గింది

పిల్లలు బిస్కెట్లు, నూడుల్స్ తప్ప ఏం ముడుతలేరు, ఎక్కడ మొదలువెట్టాలె అని అడిగిన కదా. అన్నీ ఒక్కసారే బంద్ చేయమన్నరు చాలామంది. సాయంత్రం తిండి ఒక్కటే మార్చు అని ఒక అక్క చెప్పింది. అదే చేసిన, మస్తు పనిచేసింది.

మాది మహబూబ్‌నగర్. పల్లీలకు కొదువ లేదు. బడి నుంచి రాంగనే ఉడకవెట్టిన పల్లీలు, లేదంటే సర్వపిండి. అంచులు కరకరలాడేటట్టు సన్నమంట మీద కాలిస్తే పెద్దోడు గంజు దగ్గర్నే నిలబడ్తడు.

జొన్నరొట్టె మాత్రం ఏడిపించింది. జొన్నల్ల గ్లూటెన్, అంటే గోధుమపిండిని సాగేటట్టు పట్టి ఉంచే జిగురు, ఉండదు, అందుకే చల్లనీళ్లతో కలిపితే పగుల్తది. మా అత్తమ్మ మసిలే ఎసరు పోసి, మూతవెట్టి, వేడి మీదనే అరచేత్తో గట్టిగ పిసికి చూపించింది. ఇప్పుడు విరుగుతలేదు.

ఇంకొకటి, ప్యాకెట్ వెనక చదవండి. ఏది ఎక్కువుంటే అది ముందు రాస్తరు. మల్టీగ్రెయిన్ అని కొన్నదాంట్ల మొదటి పేరే మైదా!

మా మామయ్య చాయ్‌ల రస్కు మాత్రం ఇడుస్తలేడు. ఆయనకు నోట్లె పండ్లు సరిగ లేవు. మెత్తగ నానేది ఏమన్న తెలిస్తే చెప్పుండ్రి.