అప్‌డేట్: నాయన దగ్గుకు ఇన్‌హేలర్ మొదలుపెట్టినం

మిర్యాలగూడ రైస్‌మిల్లుల ఏండ్ల తరబడి హమాలీ పని చేసిన మా నాయనకు క్రానిక్ బ్రాంకైటిస్ (గాలిగొట్టాలు వాచి దగ్గు, తెమడ ఏండ్ల తరబడి వదలని జబ్బు) అని, ఇన్‌హేలర్ రాస్తే "అలవాటు పడతది, గోలీలే మేలు" అని ఇంట్ల అందరూ అడ్డం పడుతున్నరని అడిగిన కదా. జవాబులిచ్చినోళ్లందరికీ దండాలు. మొదలుపెట్టినం.

నాయనను ఒప్పించింది మందు లెక్కనే. సాల్బుటమాల్ అంటే గాలిగొట్టాలను తెరిచే మందు, గోలీల 2 లేదా 4 మిల్లీగ్రాములుంటది. ఇన్‌హేలర్ ఒక్క పఫ్‌కు 100 మైక్రోగ్రాములే, అంటే చిన్న గోలీల ఇరవయ్యో వంతు. గోలీ కడుపుల కరిగి, నెత్తురుల కలిసి, ఒళ్లంత తిరిగి ఊపిరితిత్తులకు చేరాలె. అందుకే చేతుల వణుకు, గుండెదడ ఎక్కువ. పఫ్ అయితే నేరుగా గాలిగొట్టాలకే పోతది.

కష్టమల్ల వాడే పద్ధతితోనే. నొక్కుడు, పీల్చుడు ఒక్కసారి కుదరక మందంత గొంతులనే పడేది. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టం) పెట్టినంక దారికొచ్చింది. ఇప్పుడు డబ్బా ఊపి, ఊపిరంత వదిలి, మూతి బిగించి, నొక్కి, నిదానంగ పీల్చి, పది లెక్కపెట్టేదాక బిగబడతడు. పొద్దుమాపు తీసుకునే ఇన్‌హేలర్‌ల స్టెరాయిడ్ ఉంది కాబట్టి పుక్కిలించి ఉమ్ముడు తప్పనిసరి, లేకుంటే నోట్ల తెల్లపూత వస్తది. స్పేసర్‌ను సబ్బునీళ్లల్ల కడిగి గాలికి ఆరబెట్టాలె. గుడ్డతో తుడిస్తే మందు లోపలి గోడలకే అంటుకుంటది.

దగ్గు, తెమడ పూర్తిగ పోలే. కానీ రాత్రి లేచి కూసునుడు తగ్గింది, మెట్లెక్కి డాబా మీదికి పోతున్నడు. బీడీ మాత్రం ఇంకా పూర్తిగ మానలే, అదే నా బాధ. అది బందుగాకుంటే ఏ మందుతోని జబ్బు ఆగదని డాక్టర్ మొఖం మీదనే చెప్పిండు. ఫ్లూ టీకా గూడ వేయించుమన్నడు, వచ్చే వారం తీస్కపోతున్న.