టిహువానాలో ఒక పేద కుటుంబానికి ఇల్లు: చందాలు, స్థలం కాగితాలు, కట్టుబడి

గోదారిగట్టు (ప్రశ్న)

నమస్కారం అండి. శాన్‌డియేగోలో ఉంటున్న పన్నెండు తెలుగు కుటుంబాలం కలిసి, మెక్సికోలోని టిహువానా తూర్పు శివార్లలో ఒక కుటుంబానికి ఇల్లు కట్టించాలనుకుంటున్నాం. తల్లి, తండ్రి, ముగ్గురు పిల్లలు. పాత గ్యారేజీ తలుపులు, చెక్క ప్యాలెట్లు, పైన టార్పాలిను, అదే ఇప్పటి ఇల్లు. తండ్రికి జీతం చీటీ లేని కూలిపని, కాబట్టి ఇన్ఫోనావిత్ (మెక్సికోలో ఉద్యోగుల గృహనిధి సంస్థ) గృహరుణం వచ్చే దారి లేదు. స్థలం వాయిదాల మీద కొనుక్కున్నారు. సుమారు 6 మీటర్లు × 5 మీటర్ల ఇల్లు, రెండు గదులు చాలు.

చందాలు ఎవరి పేరు మీద తీసుకోవాలి? రసీదులు ఎలా? లక్ష్యం ఎంత అని చెప్పాలి? కట్టుబడిలో ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

పద్దులపుస్తకం

ఎంత వసూలు చేయాలన్నది తర్వాత. ఎవరి ఖాతాలోకి వసూలు చేస్తారన్నది ముందు తేల్చుకోండి.

మీలో ఒకరి సొంత ఖాతాలోకి తీసుకుంటే ఇచ్చినవాళ్ళకు అమెరికాలో పన్ను మినహాయింపు రాదు. 501 సి 3 గుర్తింపున్న, అంటే అమెరికా పన్ను చట్టం కింద ధర్మసంస్థగా నమోదైన సంస్థకే ఇచ్చినా, ‘ఈ కుటుంబానికే ఖర్చు పెట్టాలి’ అని షరతు పెడితే అప్పుడూ రాదు. డబ్బు మీద అధికారం సంస్థ చేతిలోనే ఉండాలన్నది నియమం. అందుకని విజ్ఞప్తిలో రాసే మాట దగ్గరే జాగ్రత్త పడాలి. ‘ఫలానావారి ఇంటికి చందా’ అని కాకుండా ‘టిహువానాలో గూడు లేని కుటుంబాలకు ఇళ్ళ నిధి, ఇందులో మొదటి ఇల్లు ఇది’ అని రాయండి. కుటుంబాన్ని ఎంపిక చేసినట్టు సంస్థ తన మినిట్స్‌లో తీర్మానం రాసుకోవాలి. మీకు రిజిస్టరైన సంస్థ లేకపోతే, ఉన్నవాళ్ళను మీ నిధిని తమ ఖాతాలో నడపమని అడగండి. కొందరు దానికి కొంత శాతం తీసుకుంటారు, ముందే కాగితం మీద పెట్టించుకోండి.

నేరుగా మెక్సికో సంస్థకు పంపితే మీలో చాలామందికి మినహాయింపు ఉండదు. రెండు దేశాల పన్ను ఒప్పందంలో వెసులుబాటు ఉంది కానీ అది మెక్సికోలో వచ్చిన ఆదాయం మేరకే. కాబట్టి వసూలు అమెరికా సంస్థ, ఖర్చు దాని మెక్సికో భాగస్వామి, ఇదీ నడిచే పద్ధతి. అమెరికా సంస్థ పేరు అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైటులో వెతికి చూడండి. మెక్సికో సంస్థ అయితే అక్కడి పన్నుల శాఖ, అంటే సాత్, ప్రకటించే ‘దోనాతారియా అవుతోరిసాదా’ (చందాలు తీసుకునే అనుమతి ఉన్న సంస్థలు) జాబితాలో ఉందో లేదో చూడాలి.

250 డాలర్లు, ఆపైన ఇచ్చిన ప్రతి ఒక్కరికీ రాతపూర్వక రసీదు ఇవ్వాలి. బదులుగా వస్తువు గానీ సేవ గానీ ఇచ్చారా లేదా అన్నది అందులో ఉండాలి. ఈ ఒక్క వాక్యం మర్చిపోయి రసీదులన్నీ పనికిరాకుండా చేసుకుంటారు. భోజనాలు పెట్టి టికెట్లు అమ్మే ఆలోచన ఉంటే, 100 డాలర్ల టికెట్‌లో భోజనం విలువ 30 అనుకుంటే చందాగా లెక్కకొచ్చేది 70 మాత్రమే. టికెట్ 75 డాలర్లు దాటితే ఆ సంగతి రాసి ఇవ్వడం సంస్థ బాధ్యత.

కార్డు మీద తీసుకుంటే మామూలుగా 2.9 శాతం, పైన ప్రతి చందాకు 30 సెంట్లు పోతాయి. 5 డాలర్ల చందాలో దాదాపు 45 సెంట్లు, అంటే తొమ్మిది శాతం అక్కడే హరించుకుపోతుంది. 250 డాలర్లలో అయితే ఏడున్నర డాలర్లు. చిన్న చందాలు వద్దని కాదు. పిల్లలు పోగుచేసిన చిల్లరంతా ఒకచోట కలిపి ఒకే చెక్కుగా ఇస్తే సరిపోతుంది. ఉద్యోగి చందాకు కంపెనీలు జతచేసే మ్యాచింగ్ సొమ్ము రావడానికి నెలలు పట్టవచ్చు, దాన్ని మొదటి లెక్కలో వేసుకోవద్దు.

లక్ష్యం పెసోల్లో పెట్టుకోండి, డాలర్లలో కాదు. 2020 వసంతంలో డాలరుకు సుమారు 24 పెసోలు ఉండేవి, 2023 మధ్యకు 17కు వచ్చింది. 2024 చివరికి మళ్ళీ 20 దాటింది. 1,70,000 పెసోల పని ఉందనుకోండి (అంకె ఉదాహరణకే), డాలరు 20 ఉన్నప్పుడు 8,500 డాలర్లు చాలు, 17 అయితే 10,000 కావాలి. వసూలుకూ ఖర్చుకూ మధ్య నాలుగైదు నెలల ఎడం ఉంటే ఈ తేడా ఎవరి జేబులోంచి? అందుకే పది శాతం అనుకోని ఖర్చులకు, మరో పది శాతం మారకానికి కలిపి లక్ష్యం చెప్పండి.

విజ్ఞప్తిలో తప్పనిసరిగా ఉండాల్సిన మాట ఇంకొకటి. డబ్బు ఎక్కువైతే ఏం చేస్తారు, తక్కువైతే ఏం చేస్తారు? ‘మిగిలితే తర్వాతి కుటుంబానికి, చాలకపోతే ముందు గోడలూ కప్పూ, ప్లాస్టరింగ్ తర్వాత’ అని మొదటి రోజే రాసిపెట్టండి. బయట పోస్టు పెట్టేముందు మీ పన్నెండు కుటుంబాల నుంచే మూడో వంతు తేవాలని నా సలహా. సున్నా దగ్గరున్న పట్టీ చూసి ఎవరూ చేయి పెట్టరు.

దస్తావేజు

పైవారు చెప్పింది నిజమే, కానీ స్థలం కాగితాలు చూడకుండా చందా అడగడమే మొదలుపెట్టవద్దండి. ఇల్లు కట్టాక స్థలం పోతే కుటుంబం రెండుసార్లు నష్టపోతుంది.

‘ప్రెదియాల్’ రసీదు చూపించి ఇది మా స్థలమే అంటారు. అది ఆస్తి పన్ను కట్టిన రసీదు మాత్రమే, హక్కు పత్రం కాదు. అసలు పత్రం ‘ఎస్క్రితూరా’, నోతారియో పూబ్లికో ముందు రాయించి రెహీస్త్రో పూబ్లికోలో, అంటే ఆస్తుల రిజిస్ట్రీలో నమోదు చేయించినది. మెక్సికోలో నోతారియో అంటే ముద్ర వేసే గుమాస్తా కాదు, ప్రభుత్వం నియమించిన న్యాయవాది. అదే రిజిస్ట్రీలో ‘లిబెర్తాద్ దె గ్రావామెన్’ ధ్రువపత్రం తీస్తే స్థలం మీద అప్పులు, తగాదాలు నమోదై ఉంటే బయటపడతాయి. మన దగ్గరి ఈసీ లాంటిదనుకోండి.

వాయిదాల స్థలానికి ఎస్క్రితూరా ఇంకా ఉండదు, కొనుగోలు ఒప్పందమే ఉంటుంది. అప్పుడు చూడాల్సినవి: అమ్మినవాడి పేరు రిజిస్ట్రీలో యజమానిగా ఉందా, ఎన్ని వాయిదాలు కట్టారు, ఎన్ని మిగిలాయి, వరుసగా ఎన్ని తప్పితే ఒప్పందం రద్దవుతుంది. బకాయి ఖాతా వివరం రాతలో తెప్పించుకోండి. కొన్నిసార్లు ఇంటి సామానుకంటే ముందు ఆ బకాయి తీర్చడమే మేలైన సాయం.

‘ఎహీదో’ భూమి అయితే వేరే కథ. అది ఉమ్మడి వ్యవసాయ భూమి, దాని రికార్డు రెహీస్త్రో అగ్రారియో నాసియోనాల్‌లో (జాతీయ వ్యవసాయ భూముల రిజిస్ట్రీ) ఉంటుంది. చేతిరాత ‘హక్కుల బదిలీ’ కాగితంతో చేతులు మారుతూ ఉంటుంది. ఇలాంటి కాలనీలను క్రమబద్ధీకరించే కేంద్ర సంస్థ ఇన్‌సుస్, పూర్వం దాని పేరు కొరెత్. అక్కడ ఆ కాలనీ దరఖాస్తు ఏ దశలో ఉందో అడిగి తెలుసుకోండి.

ఎంత చవకగా వచ్చినా వాగు ఒడ్డు స్థలంలో కట్టవద్దు. ప్రవాహపు గట్టు నుంచి పది మీటర్లు, చిన్న కాలువలకైతే ఐదు మీటర్లు కేంద్రానికి చెందిన జోను. అక్కడ హక్కు పత్రం రాదు, వానాకాలంలో నీళ్ళు మాత్రం వస్తాయి.

మీ పేరు మీద స్థలం కొని వాళ్ళకివ్వాలనే ఆలోచన వస్తే మానుకోండి. సరిహద్దుకు 100 కిలోమీటర్లు, తీరానికి 50 కిలోమీటర్ల లోపు విదేశీయులు నేరుగా భూమి కొనడాన్ని మెక్సికో రాజ్యాంగం 27వ అధికరణం నిషేధించింది. టిహువానా రెండింటి కిందికీ వస్తుంది. పత్రాలు కుటుంబం పేరు మీదే, వీలైతే తల్లి పేరు కూడా చేర్పించి రాయించండి.

తాపీపని

6 × 5 మీటర్ల సిమెంటు దిమ్మల ఇంటికి నా లెక్క ఇది. దిమ్మ 15 × 20 × 40 సెంటీమీటర్లు, గోడ ఎత్తు 2.4 మీటర్లు, మధ్యలో ఒక అడ్డగోడ.

చదరపు మీటరుకు పన్నెండున్నర దిమ్మలు పడతాయి. బయటి గోడలు 52.8 చదరపు మీటర్లు, తలుపులు కిటికీలు తీసేస్తే దాదాపు 47. అడ్డగోడ తలుపు పోను పదిన్నర. మొత్తం సుమారు 720 దిమ్మలు, విరిగేవి కలిపి 760 తెప్పించండి. నేల కాంక్రీటు 10 సెంటీమీటర్ల మందంతో 3 ఘనపు మీటర్లు. గోడల కింద 30 × 20 సెంటీమీటర్ల పునాది బీము 27 మీటర్లకు 1.6 ఘనపు మీటర్లు. నిలువు స్తంభాలూ పై బీమూ కలిపి 1.35. కాంక్రీటు ఘనపు మీటరుకు 50 కిలోల సిమెంటు బస్తాలు ఏడు పైచిలుకు, గోడ మాలుకు మొత్తం ఇంకో ఎనిమిది. అన్నీ కలిపి 55 బస్తాలు. ప్లాస్టరింగ్ ఇందులో లేదు.

అక్కడి మేస్త్రులు 19 లీటర్ల బకెట్టుతో కొలుస్తారు. ఒక బస్తాకు నాలుగు బకెట్ల ఇసుక, ఐదు బకెట్ల కంకర, ఒకటిన్నర బకెట్ల నీళ్ళు. వాలంటీర్లు కలిపితే నీళ్ళ దగ్గరే చెడుతుంది. పార తిప్పడం కష్టంగా ఉందని మూడో బకెట్ పోస్తారు, బలం సగానికి పడిపోతుంది. ఇసుక కడిగినదై ఉండాలి. సముద్రపు ఇసుకలో ఉప్పు చువ్వల్ని తుప్పు పట్టిస్తుంది.

2010 ఏప్రిల్ 4న మెక్సికాలి దగ్గర 7.2 తీవ్రతతో భూకంపం వచ్చిన రాష్ట్రం ఇది. గోడను నాలుగువైపులా కట్టిపడేసే చట్రం లేకుండా కట్టవద్దు. నిలువు స్తంభాన్ని అక్కడ కాస్తియో అంటారు, పై బీమును దాలా. కాస్తియోలు నాలుగు మూలలకు నాలుగు, అడ్డగోడ కలిసే రెండు చోట్ల రెండు, తలుపులు కిటికీల పక్కన ఒక్కొక్కటి. కాస్తియో చువ్వలు పునాది పోసేటప్పుడే నిలబెట్టాలి. తర్వాత దిమ్మల అంచులు పళ్ళలా ముందుకీ వెనక్కీ వదిలి గోడ లేపాలి. గోడ లేచాక పలకలు కట్టి కాంక్రీటు పోయాలి. అప్పుడే గోడా స్తంభమూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ముందే స్తంభాలు పోసి మధ్యలో దిమ్మలు పేరిస్తే చూడటానికి ఒకేలా ఉంటుంది, ఊగినప్పుడు గోడ విడిపోతుంది. పోసేటప్పుడు చువ్వతో పొడుస్తూ ఉండాలి, లేకపోతే లోపల డొల్లలు మిగులుతాయి.

టిహువానా కొండల మీద చాలా స్థలాలు పాత టైర్లు పేర్చి మట్టి నింపి చదును చేసినవి. నింపిన మట్టి మీద, టైర్ల అంచుకు దగ్గరగా పైన చెప్పిన పునాది చాలదు. ఇల్లు కొండవైపు తవ్విన గట్టినేల మీదకు జరపండి, కుదరకపోతే ఇంజనీరును పిలవండి. వానలు నవంబరు నుంచి మార్చి దాకా. పునాది అక్టోబరులోపు అయిపోవాలి. నేల కాంక్రీటుకు కనీసం ఏడు రోజులు నీళ్ళు పట్టాలి.

కప్పుకు రేకు చాలు, వాలు మాత్రం ఐదు మీటర్లకు అర మీటరు ఇవ్వండి. శాంటా ఆనా అనే ఎడారి వైపు బలమైన గాలులకు రేకులు లేచిపోతాయి. దాలా పోసేటప్పుడే చువ్వ ముక్కలు పైకి వదిలి కప్పు దూలాలను వాటికి బిగించాలి.

గోదారిగట్టు

చాలా థాంక్సండి. మూడు సందేహాలు. మేస్త్రికి డబ్బు ఎలా ఇవ్వాలి? చెక్క ఇల్లయితే ఒక్క వారాంతంలో అయిపోతుందంటున్నారు, అది మేలా? సామాను ఇక్కడే కొని తీసుకెళ్ళొచ్చా?

తాపీపని

చెక్క చట్రం ఇల్లు 16 × 20 అడుగులది వారాంతంలో లేస్తుంది, నేల కాంక్రీటు ముందు వారమే పోసి ఉంచితే. మీ పిల్లలు కూడా పనిలో చేయి వేయొచ్చు. తడి, చెదలు మాత్రం చూసుకోవాలి. అడుగు చెక్క కాంక్రీటును తాకేచోట మందు పట్టించిన కలప వాడాలి. కుటుంబానికి తర్వాత ఇంకో గది కలుపుకునే ఆశ ఉంటే నేను దిమ్మలకే ఓటు వేస్తాను. స్థానిక మేస్త్రులకు చేతనైన పని అదే, మరమ్మతు కూడా వాళ్ళే చేసుకుంటారు.

పద్దులపుస్తకం

మొత్తం ఎవరి చేతిలోనూ పెట్టవద్దు. సామాను డబ్బు నేరుగా దుకాణానికి, ‘ఫాక్తూరా’ అనే పన్ను బిల్లు తీసుకుని. మూడు దుకాణాల్లో రాతపూర్వక ధరలు అడగండి, ఐవా పన్ను (మన జీఎస్‌టీ లాంటిది) కలిపి చెప్పారా విడిగానా తప్పకుండా అడగాలి. మామూలుగా 16 శాతం, సరిహద్దు ప్రాంతంలో రాయితీ ఉన్న దుకాణాల్లో 8 శాతం. కూలి శనివారం శనివారం ఇచ్చే ఆనవాయితీ, దాన్నే రాయా అంటారు. పునాది, గోడలు, కప్పు అని దశలు రాసుకుని, అయిన పని ఫొటో చూశాకే ఆ దశ డబ్బు. 2025లో సరిహద్దు ప్రాంత కనీస కూలి రోజుకు 419.88 పెసోలు, మేస్త్రి రేటు దానికంటే బాగా ఎక్కువే ఉంటుంది. బేరమాడి తగ్గించవద్దు.

సరిహద్దుదారి

సామాను టిహువానాలోనే కొనండి. రోడ్డు మార్గంలో ప్రయాణికుడికి సుంకం లేని పరిమితి మామూలుగా 300 డాలర్లు, వ్యానునిండా కిటికీలు వేసుకెళ్తే సుంకం కట్టాలి, లేదా వెనక్కి పంపుతారు. పాత బట్టల మీద ఆంక్షలున్నాయి. పదివేల డాలర్లకు మించి నగదు ఉంటే రెండు దేశాల కస్టమ్స్‌కూ చెప్పాలి. అసలు నగదు తీసుకెళ్ళకుండా మెక్సికో భాగస్వామి 18 అంకెల క్లాబే (మెక్సికో బ్యాంకు ఖాతా నంబరు) ఖాతాకు బదిలీ చేయడమే భద్రం. అమెరికా కారు బీమా అక్కడ చెల్లదు, రోజుల లెక్కన మెక్సికో బీమా కొనాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు చెల్లుబాటయ్యే అమెరికా వీసా గానీ గ్రీన్ కార్డు గానీ ఉంటే మెక్సికో వీసా లేకుండా వెళ్ళొచ్చు. వీసా ముద్ర గడువు తీరి ఐ-797 అనుమతి పత్రంతో ఉంటున్నవాళ్ళు మిగతావాళ్ళు వెళ్ళే రోజు ఇక్కడే వసూళ్ళ పని చూడాలి.

ఇంకొకటి. చందాల పేజీలో పిల్లల ముఖాలు, ఇంటి చిరునామా, మ్యాపు పెట్టవద్దు. విదేశీయులు డబ్బిస్తున్నారని తెలిస్తే ఆ కుటుంబాన్ని బెదిరించి వసూలు చేసేవాళ్ళు వస్తారు. దాతలకు ఫాక్తూరాలు, గోడల ఫొటోలు చూపించండి, అవి చాలు. ఏ ఫొటో అయినా తల్లిదండ్రులకు స్పానిష్‌లో చదివి వినిపించి సంతకం తీసుకున్నాకే.

నీళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. కొళాయి లేని కాలనీలకు పీపా అనే ట్యాంకరు వస్తుంది, నిల్వకు తినాకో, అంటే నీళ్ళ ట్యాంకు కావాలి. 1,100 లీటర్ల తినాకో నిండితే టన్ను పైన బరువు, రేకు కప్పు మీద పెట్టకూడదు. ఇంటి పక్కన దిమ్మలతో విడిగా అరుగు కట్టించి, దాని ఖర్చు మొదటి ఎస్టిమేట్‌లోనే వేయండి. కరెంటు మీటరుకు గోడలో పైపు, పెట్టె బిగించి ఉంటేనే సీఎఫ్‌ఈ (మెక్సికో కరెంటు సంస్థ) వాళ్ళు కనెక్షన్ ఇస్తారు, అది గోడ లేపేటప్పుడే మేస్త్రికి చెప్పాలి.