ఆరేళ్ల పాపకి బొమ్మల క్లాసిక్స్, దేంతో మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం. మా పాపకి ఆరేళ్లు, ఇంగ్లిష్ ఇంకా కూడబలుక్కునే చదువుతుంది గానీ కథ చెబితే కదలకుండా వింటుంది. పాత ఇంగ్లిష్ నవలల్ని బొమ్మలతో కుదించి రాసిన పుస్తకాలు కొందామని చూస్తే ఒక్కో నవలకి బోలెడు రకాలున్నాయి, ఏది తీసుకోవాలో తెలియట్లేదు.

మా ఆయనేమో పెద్దయ్యాక అసలుదే చదువుకుంటుంది, ఇప్పుడీ పిప్పి ఎందుకంటారు. 1865లో ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ కథ వేసిన లూయిస్ కారల్ తనే 1890లో ఐదేళ్లలోపు పిల్లల కోసం దాన్ని కుదించి, మొదటి పుస్తకానికి టెనియెల్ అనే చిత్రకారుడు వేసిన బొమ్మల్ని పెద్దవి చేయించి, రంగులతో మళ్లీ తెచ్చాడు. రాసినాయనకే లేని అభ్యంతరం ఈయనకెందుకో!

నా టెన్షన్ వేరే. ఆలివర్ ట్విస్ట్‌లో నాన్సీని కొట్టి చంపేస్తారు, రాబిన్సన్ క్రూసో, చివరికి మునిగి తనని దీవిలో పడేసిన ఆ ఓడ ఎక్కిందే బానిసల్ని తేవడానికి. ఇలాంటివి పూర్తిగా తీసేసిన పుస్తకం మేలా, మెత్తగా చెప్పినదా? గలివర్‌కి ఈ బాధ లేదు, బుల్లి మనుషులుండే లిల్లిపుట్ దేశం వరకు చెబితే ఈ వయసుకి చాలు.

ఇంకోటి, నేను తెలుగు మీడియం. పేజీ ఇంగ్లిష్‌లో చదివి వెంటనే తెలుగులో చెబుతుంటాను, అలా చేస్తే పాప ఇంగ్లిష్ వినడం మానేసి తెలుగు కోసమే ఎదురుచూస్తుందా? ఇంట్లో చదివి వినిపించినవాళ్లు ఏ కథ నచ్చిందో, పేజీకి ఎన్ని లైన్లుంటే పిల్లలు కుదురుగా కూర్చున్నారో చెప్పండి. మొత్తం సెట్ కొనమని మాత్రం అనకండి, అంత బడ్జెట్ లేదు.