మూడు పాయింట్లు వెనకబడి చివరి నిమిషాలు: రాబ్‌షా పోస్టులకు కొట్టించాల్సిందా, మూలకు వెళ్లడమే సరైందా?

ఎర్రజెర్సీ:
2015 రగ్బీ ప్రపంచ కప్, సెప్టెంబర్ 26, ట్విక్‌నమ్ మైదానం. వేల్స్ 28, ఇంగ్లండ్ 25. ఆట ఇంకో రెండు మూడు నిమిషాల్లో అయిపోతుందనగా ఇంగ్లండ్‌కు టచ్‌లైన్ (మైదానం పక్క గీత) వైపున పెనాల్టీ వచ్చింది. పోస్టుల మధ్యకు కొడితే 3 పాయింట్లు, అంటే డ్రా. ఇంగ్లండ్ కిక్కర్ ఫారెల్ అప్పటికే ఐదు పెనాల్టీలు, ఒక డ్రాప్ గోల్ (ఆట నడుస్తుండగా బంతిని నేలకు తాకించి కొట్టేది) కొట్టేశాడు. అయినా కెప్టెన్ క్రిస్ రాబ్‌షా డ్రాకి ఒప్పుకోక మూలకు కొట్టించాడు: బంతిని ట్రై లైన్ దగ్గర పక్కకు పంపి, లైనవుట్ (పక్క గీత నుంచి విసిరిన బంతిని గాల్లో అందుకోవడం) నుంచి 5 పాయింట్ల ట్రై (బంతిని ట్రై లైన్ అవతల నేలకు తాకించడం) కోసం. లైనవుట్‌లో బంతి ముందు భాగానికి, రాబ్‌షాకే వెళ్లింది. వేల్స్ ఫార్వర్డ్‌లు (ముందు వరసల బలమైన ఆటగాళ్లు) గుంపుగా తోసి టచ్ బయట పడేశారు. కథ అయిపోయింది.

అప్పటినుంచి అందరూ "మూలకు వెళ్లడమే తప్పు" అంటున్నారు. వేల్స్ వెంట ఊళ్లు తిరిగే అభిమానిగా నేను ఒప్పుకోను. ఆ క్షణంలో ఎర్రజెర్సీ వేసుకున్నవాళ్లు గుండె పట్టుకోవాల్సింది మూలను చూసే. నిర్ణయం బాగానే ఉంది, విసిరిన చోటే బాగాలేదు.

తెల్లచొక్కా:
గెలిచినవాళ్లకు ఉదారత సులువే అన్నా. పూల్ (తొలి దశ గ్రూపు) పట్టిక తీసి చూడండి. చివరికి ఆస్ట్రేలియా 17, వేల్స్ 13, ఇంగ్లండ్ 11. ఆ మ్యాచ్ డ్రా అయి మిగతావన్నీ జరిగినట్టే జరిగి ఉంటే? ఓటమి బోనస్ 1 బదులు 2 వచ్చి ఇంగ్లండ్ 12కి చేరేది. వేల్స్ 4 బదులు 2తో 11 దగ్గర ఆగేది. అంటే ఆస్ట్రేలియా చేతిలో 33-13తో చిత్తయినా సరే, క్వార్టర్ ఫైనల్‌కు వెళ్లేది ఇంగ్లండ్, ఇంటికి వెళ్లేది వేల్స్. ఇంతకంటే రుజువేం కావాలి?

లెక్కలమాస్టారు:
అది తర్వాత తెలిసిన లెక్క. కెప్టెన్ దగ్గర ఆ రాత్రి లెక్కే ఉంటుంది. అది ఇలా వేయాలి.

ఏది విఫలమైనా ఇంగ్లండ్‌కు మిగిలేది 1 పాయింటే, ఏడు లోపు తేడాతో ఓడారు కాబట్టి. డ్రా అయితే 2, గెలిస్తే 4. అంటే కిక్ సఫలమైతే లాభం 1, ట్రై పడితే లాభం 3. మన పాయింట్లే చూసుకుంటే, కిక్ అవకాశం 75 శాతం అనుకున్నా, మూల నుంచి ట్రై అవకాశం 25 శాతం దాటితే చాలు, మూలే మేలు.

కానీ ఎదుటివాడు అదే పూల్‌లో అదే చోటు కోసం పోటీ పడుతున్నప్పుడు వాడి పాయింట్లూ లెక్కే. ఓడితే తేడా మైనస్ 3 (1-4), డ్రా అయితే 0, గెలిస్తే ప్లస్ 3 (4-1). ఇప్పుడు ట్రై విలువ కిక్‌కు మూడింతలు కాదు, రెండింతలే. కాబట్టి మూల నుంచి 37.5 శాతం దాటాలి. అక్కడ చిక్కు మొదలవుతుంది. మంచి మాల్ (బంతి పట్టుకున్నవాడి చుట్టూ గుమిగూడి తోసుకెళ్లడం) ఉన్న జట్టు ఆ గీత దాటుతుంది, లేని జట్టు దాటదు.

కిక్కింగ్‌టీ:
మాస్టారూ, ఆ 75 ఎక్కడిది? ఫారెల్ బాగా కొడుతున్నాడు, నిజమే. కానీ కోణం చూడాలి కదా. పోస్టుల మధ్య దూరం 5.6 మీటర్లు. ట్రై లైన్‌కు 25 మీటర్లు, టచ్‌లైన్‌కు 5 మీటర్లు లోపల బంతి పెట్టామనుకోండి. 70 మీటర్ల వెడల్పు మైదానంలో కిక్ దూరం దాదాపు 39 మీటర్లు. అక్కడినుంచి పోస్టుల మధ్య సందు 5 డిగ్రీల పైచిలుకే కనిపిస్తుంది. పోస్టులకు ఎదురుగా 49 మీటర్ల నుంచి చూస్తే అదే సందు ఆరున్నర డిగ్రీలు. అంటే పక్కనుంచి కొట్టే "దగ్గర" కిక్, ఎదురుగా కొట్టే దూరపు కిక్ కన్నా ఇరుకు. కాలికి బలం అంత అక్కర్లేదు, అంతే తేడా.

టీవీలో చూసేవాళ్లకు ఇది తెలియదు, కెమెరా కిక్కర్ వెనక్కి వెళ్లగానే అన్ని కోణాలూ ఒకేలా ఉంటాయి. పక్క స్టాండ్‌లో కూర్చున్నా అంతే, బంతి ఎత్తు కనిపిస్తుంది కానీ దిశ తెలియదు. పోస్టుల వెనక సీటు దొరికినవాడికే తెలుస్తుంది అది ఎంత సన్నని సందో.

తెల్లచొక్కా:
సరే, 60 శాతమే అనుకుందాం. తప్పిపోయినా ఆట అయిపోదు. పెనాల్టీ కిక్ తప్పి బంతి డెడ్ అయితే (ఆటలోంచి పోతే) వేల్స్ 22 మీటర్ల గీత నుంచి డ్రాప్ అవుట్ (బంతిని నేలకు తాకించి కొట్టే కిక్) కొట్టాలి. అంటే బంతి మళ్లీ మనకే దొరికే అవకాశం ఎక్కువ. మూలలో లైనవుట్ పోతే? త్రో వాళ్లది, పట్టుకుని ఒక్క తన్ను, అంతే సంగతులు. విఫలమైతే ఏమవుతుందన్న విషయంలో రెండూ సమానం కావు. మాస్టారి లెక్కలో అది లేదు.

లెక్కలమాస్టారు:
ఒప్పుకుంటాను. అయితే రెండోవైపు కూడా వేయండి. కిక్ పడితే 28-28. స్కోరు తిన్న జట్టే సెంటర్ నుంచి కొడుతుంది కాబట్టి, వేల్స్ మీ 22 మీటర్ల గీత లోపలికి ఎత్తి కొట్టి వెంట పరుగెత్తుకొస్తుంది. మీవాడు పట్టుకుని కింద పడతాడు, రక్‌లో (నేల మీది బంతి కోసం జరిగే తోపులాటలో) ఒక్క చెయ్యి తప్పుచోట పడితే పెనాల్టీ. అవతల ఎవరున్నారు? ఏడు పెనాల్టీలు కొట్టిన డాన్ బిగర్. డ్రా చేతికొచ్చినా దాన్ని నిలబెట్టుకోవాలి కదా.

రెండోవరస:
మీరంతా కిక్ దగ్గరే ఆగిపోయారు. అసలు పని లైనవుట్‌లో ఉంది.

లైనవుట్ టచ్ నుంచి 5 మీటర్ల గీత దగ్గర మొదలై 15 మీటర్ల గీత దగ్గర ముగుస్తుంది. ముందుకు విసిరితే త్రో చిన్నది, గాలికి పోదు, హుకర్ (బంతి విసిరేవాడు) చెయ్యి వణికినా చేరుతుంది. అందుకే ఒత్తిడిలో అందరూ అక్కడికే వెళతారు. ధర వేరే కట్టాలి: పట్టుకున్నవాడు దిగేది టచ్‌లైన్‌కు అయిదారు మీటర్ల దూరంలో. ఎదుటి జట్టు మాల్‌ను ఆపక్కర్లేదు, పక్కకు తిప్పితే చాలు, తెల్లగీతే వాళ్లకు పదహారో ఆటగాడు.

మధ్యకో వెనక్కో విసిరితే తప్పే అవకాశం పెరుగుతుంది, నిజం. కానీ మాల్‌కూ టచ్‌లైన్‌కూ మధ్య పది మీటర్ల స్థలం ఉంటుంది. మాల్ కుదిరాక కూల్చితే పెనాల్టీ. కుదరకముందే పట్టుకున్నవాణ్ని దిగీదిగగానే కింద పడేయవచ్చు. కాబట్టి దిగిన మొదటి సెకనులో అతన్ని పైకెత్తిన లిఫ్టర్లిద్దరూ అతనికి అటూ ఇటూ అతుక్కుపోవాలి. ఆ రోజు అది జరిగే లోపే ఎర్రచొక్కాలు మీద పడిపోయాయి.

ఇంకొకటి. 82,000 మంది పట్టే మైదానంలో సొంత జనం అరుస్తుంటే లైనవుట్ కోడ్ (ఎవరికి విసురుతున్నారో చెప్పే సంకేతం) వెనకవాడికి వినపడదు. పోస్టులకు కొడితే అదే జనం నోరు మూసుకుంటారు. సొంతగడ్డ మీద హోరు ఎవరికి ఇబ్బందో ఎవరూ మాట్లాడరు.

ఎర్రజెర్సీ:
నేను చెప్పాలనుకున్నదీ అదే గురూ. దానికి తోడు వేల్స్ బ్యాక్స్ (ఫార్వర్డ్‌ల వెనక విస్తరించి ఆడేవాళ్లు) వరస అప్పటికి అతుకుల బొంత. స్కాట్ విలియమ్స్, హాలమ్ ఏమస్, లియమ్ విలియమ్స్ ముగ్గురూ గాయాలతో బయటికి పోయారు. స్క్రమ్ హాఫ్ (ఫార్వర్డ్‌ల నుంచి బంతి అందుకుని పంచేవాడు) లాయిడ్ విలియమ్స్ వింగ్‌లో (పక్క అంచున), జార్జ్ నార్త్ సెంటర్‌లో (మధ్యలో). (గారెత్ డేవిస్ ట్రైకి క్రాస్ కొట్టింది ఆ లాయిడే అనుకోండి, అది వేరే సంగతి.) అలాంటి వరస ఎదురుగా ఉంటే మాల్ ఎందుకు? గాల్లోనే బంతి అందుకుని స్క్రమ్ హాఫ్‌కు వదిలి, వెడల్పుగా ఆడాల్సింది.

రెండోవరస:
అంత సులువు కాదు. లైనవుట్ నడుస్తున్నంతసేపూ మీ బ్యాక్స్ పది మీటర్ల వెనక ఉండాలి. గీతకు 5 మీటర్ల దూరంలో లైనవుట్ అంటే వాళ్లు ట్రై లైన్‌కు 15 మీటర్ల అవతల. ఎదుటివాళ్లు మాత్రం తమ ట్రై లైన్ మీదే నిలబడతారు. బంతి లైనవుట్ దాటగానే పైకి దూసుకొస్తారు, మీరు వేగం అందుకునేలోపే గుద్దుతారు. ముందు మాల్‌ కట్టి ఎదుటి ఫార్వర్డ్‌లను అందులో ఇరికించి, ఆ తర్వాత వదిలితేనే ఆ వింగ్ దగ్గర ఖాళీ దొరుకుతుంది.

కొత్తఫ్లాంకర్:
అదే టోర్నీలో వారం ముందే బ్రైటన్‌లో దక్షిణాఫ్రికా మీద జపాన్ 29-32తో వెనకబడి డ్రా వద్దనుకుంది కదా. హెస్కెత్ ట్రైతో 34-32. అది హీరోయిజం, ఇది మూర్ఖత్వమా?

తెల్లచొక్కా:
పోలిక కుదరదు తమ్ముడూ. అప్పుడు దక్షిణాఫ్రికా ఎల్లో కార్డుతో 14 మందే, జపాన్ ఎంచుకున్నది స్క్రమ్ (రెండు జట్ల ఫార్వర్డ్‌లూ భుజాలు కలిపి తోసుకునేది). స్క్రమ్‌లో ఎనిమిదేసి మంది ఒకచోట కట్టుబడిపోతారు, బయట వెడల్పు దొరుకుతుంది. లైనవుట్‌లోలా బంతి గాల్లో పోటీకి వెళ్లదు. పైగా జపాన్‌కు పోయేదేం లేదు, ఆతిథ్య జట్టుకు మొత్తం టోర్నీ పోతుంది.

లెక్కలమాస్టారు:
"పోయేదేం లేదు" అనకండి. జపాన్ ఆ టోర్నీలో మూడు మ్యాచ్‌లు గెలిచి కూడా క్వార్టర్స్ చేరలేదు, ప్రతి పాయింటూ వాళ్లకూ అవసరమే. స్క్రమ్ సంగతి మాత్రం నిజం. టచ్‌లైన్‌కు దగ్గరి స్క్రమ్ అయితే ఒక పక్క పూర్తిగా ఖాళీ. ఇంగ్లండ్‌కూ ఆ మూడో దారి ఉంది, పెనాల్టీకి బదులు స్క్రమ్ అడగొచ్చు. దాని గురించి ఇన్నేళ్లలో ఒక్కరూ మాట్లాడరేం? రెండోవరస గారూ, ఆ రోజు ఇంగ్లండ్ స్క్రమ్‌ మీద మీరు పందెం కట్టేవారా?

రెండోవరస:
కట్టను. మూలకే వెళ్తాను, కానీ లైనవుట్ మధ్యకు విసిరిస్తాను.