అప్‌డేట్: నౌపడ–గుణుపూర్ పాత స్టేషన్ల మ్యాపు

మూతపడిన నౌపడ–గుణుపూర్ న్యారోగేజ్ స్టేషన్లను విశాఖపట్నంలో కూర్చుని మ్యాపులో గుర్తిస్తుంటే, చుక్కలన్నీ ఒకే వైపుకు జరిగి పడుతున్నాయని గత నెల అడిగాను. మీలో ఒకరు అనుమానించినట్టే తప్పు నాదే: పాత సర్వే పటం ఎవరెస్ట్ 1830 అనే పాత భూమి ఆకార నమూనా ఆధారంగా గీసినది కాగా, నేను దాన్ని జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 నమూనాలోది అనుకుని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాను. అది సరిచేయగానే సుమారు 200 మీటర్ల తేడా పోయి, టెక్కలి, పాతపట్నం పట్టాల పక్కకు వచ్చి కూర్చున్నాయి.

అయితే ఆ పట్టాలు ఇప్పటి బ్రాడ్‌గేజ్‌వి. 1900లో పర్లాకిమిడి వరకు, 1931లో గుణుపూర్ వరకు వేసిన 762 మిల్లీమీటర్ల న్యారోగేజ్ లైను 2004లో ఆగిపోయింది. బ్రాడ్‌గేజ్ కోసం వంపులు సరిచేసిన చోట్ల పాత స్టేషను పక్కన మిగిలిపోయి ఉండవచ్చని స్వయంగా వెళ్లి చూశాను. ఒకచోట తుమ్మచెట్ల మధ్య మోకాలెత్తు రాతి కట్టడం కనిపిస్తే ప్లాట్‌ఫారమే అనుకుని సంబరపడ్డాను గానీ, అది ఇంజనుకు నీళ్లు పట్టే తొట్టి దిమ్మ అని ఆ ఊరి పెద్దాయన చెప్పారు. (టేపు పెట్టి కొలిచిన శ్రమ వృథా!)

నేలమీద ఆనవాలు లేనివాటికి అందరూ కలిసి గీసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చోటు లేదు కనుక, అలాంటి హాల్టులను గతంలో ఉన్నవాటిని చూపే ఓపెన్‌హిస్టారికల్‌మ్యాప్‌లో 2004 ముగింపు సంవత్సరంతో చేరుస్తున్నాను.