ఈవ్స్‌డ్రాపింగ్: చూరు కింద చెవి

ఈవ్స్‌డ్రాపింగ్ అనే ఇంగ్లీషు మాటను తెలుగులో ఏమనాలని ఒకరు అడిగారు. పొంచి వినడం, చాటుగా వినడం అని జవాబులొచ్చాయి. రెండూ సరైనవే, అర్థానికి లోటేమీ లేదు. కానీ ఆ ఇంగ్లీషు మాటలో ఒక ఇల్లుంది, వానుంది. అవి జారిపోతున్నాయనే నా బాధ.

ఈవ్స్ అంటే చూరు. డ్రాప్ అంటే ఇక్కడ చూరు నుంచి కారే నీరు. వాన వెలిశాక చూరు వెంబడే నేల మీద చిన్న చిన్న గుంటలు వరసగా కనిపిస్తాయి కదా, ఆ వరసకూ గోడకూ మధ్య ఉన్న చోటే మొదట ఈ మాటకు అర్థం. తన చూరు నీళ్ళు పక్కవాడి నేలలో పడకుండా హద్దు దగ్గర రెండడుగులు వదిలి కట్టుకోవాలనే ఆచారం పాత ఇంగ్లండులో ఉండేది. ఆ ఇరుకులో నిలబడితే నెత్తిన చూరు, చెవి పక్కనే కిటికీ. లోపలి గుసగుస కూడా అందుతుంది. అలా నిలబడ్డవాడు ఈవ్స్‌డ్రాపర్. ముందు పుట్టింది మనిషి పేరు, దాన్నుంచి తర్వాత క్రియ వచ్చింది.

అక్కడ ఇది ఒకప్పుడు నేరం కూడా. గోడల కింద, కిటికీల కింద, చూరు కింద చేరి మాటలు విని, వాటితో చాడీలు అల్లేవాళ్ళను ఇంగ్లీషు న్యాయకోవిదుడు బ్లాక్‌స్టోన్ 1769లో వచ్చిన తన న్యాయ వ్యాఖ్యానాల నాలుగో సంపుటిలో జనానికి బెడదగా లెక్కగట్టాడు. ఆ నేరాన్ని చట్టంలోంచి తీసేసింది 1967లో!

మన చూరు కూడా జాతీయంలోకి ఎక్కింది. అయితే చెవితో కాదు, చేత్తో. పొమ్మన్నా పోనివాణ్ణి చూరు పట్టుకుని వేలాడుతున్నాడంటాం. వినే పని మాత్రం గోడకు అప్పగించాం. గోడలకు చెవులుంటాయన్న మాట ఇంగ్లీషులోనూ అచ్చంగా ఇలాగే ఉంది.

కిటికీ సంగతి ఇంకా ముచ్చటైనది. విండో అన్న మాట స్కాండినేవియా వాళ్ళ పాత భాష నార్స్ నుంచి వచ్చింది, అక్కడ దానర్థం గాలి కన్ను. మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న గవాక్షంలోనూ కన్నే ఉంది, కాకపోతే అది ఆవు కన్ను.

అన్నిటికీ ఇలా జోడీ కుదరదు. ధరలు ఇంగ్లీషులో ఇంటికప్పును చీల్చుకుపోతే తెలుగులో ఆకాశాన్నంటుతాయి. అక్కడి కప్పును లాక్కొచ్చి తెలుగులో పెడితే వాక్యం నవ్వులపాలవుతుంది. ఎక్కడైనా తొలి అవకాశం సంపాదించడాన్ని చెప్పే ఫుట్ ఇన్ ద డోర్‌కు గడప తొక్కడం అని రాసేవాళ్ళున్నారు, అది నాకు నచ్చదు. గడప తొక్కడమంటే ఇంటికి రావడం. ఇంగ్లీషులో ఆ కాలు తలుపు మూసుకోకుండా అడ్డుపెట్టిన కాలు, మనిషింకా బయటే ఉన్నాడు.

అందుకే నా మటుకు నేను ఒకే మాటకు కట్టుబడను. ఫోన్ మాటలు దొంగతనంగా వింటే చాటుగా వినడమనే రాస్తాను. కథలో పాత ఇల్లుండి, గోడవార మనిషి నక్కి ఉంటే మాత్రం చూరు కింద నిలబడి విన్నాడని రాస్తాను.